అంతరిక్ష విద్య, అంతరిక్ష వృత్తులు: విద్యార్థులు, తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఒక రాకెట్ ప్రయోగం విజయవంతమైనప్పుడో, ఒక గ్రహణం వచ్చినప్పుడో పిల్లల్లో ఉత్సాహం దానంతటదే పుడుతుంది. దాన్ని పుట్టించడానికి పెద్దలు పెద్దగా శ్రమపడనవసరం లేదు. ఆ ఉత్సాహం చదువుగా, చదువు వృత్తిగా మారే దారి మాత్రం చాలామందికి కనిపించదు, మళ్లీ మళ్లీ వచ్చే సందేహాలన్నీ ఆ దారి గురించే. వాటిని దశలవారీగా ఇక్కడ ఇస్తున్నాము. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నే విడిగా చదువుకోవచ్చు.

## మొదటి అడుగులు

పిల్లలకు ఏ వయసులో మొదలుపెట్టాలి?

చంద్రుణ్ణి వేలెత్తి చూపించే వయసు వస్తే చాలు. ఒక నెలపాటు రోజూ సాయంత్రం ఒకేచోట నిలబడి, చంద్రుడు ఏ దిక్కున ఉన్నాడో, ఎంత భాగం వెలుగుతోందో బొమ్మ గీయించండి. పౌర్ణమి దాటిన తరువాత అదే వేళకు వెతికితే చంద్రుడు కనిపించడు. ఎందుకు కనిపించడన్న ప్రశ్న అప్పుడు పిల్లల నోటి నుంచే వస్తుంది. జవాబు వెంటనే చెప్పేయకుండా, మర్నాడు తెల్లవారుజామున పడమటి ఆకాశం చూపించండి.

టెలిస్కోప్ కొనిపెట్టమని మా అబ్బాయి పట్టుబడుతున్నాడు. కొనాలా?

వెంటనే వద్దు. కొన్ని వారాలు ఉత్త కళ్లతో నక్షత్ర మండలాలను గుర్తుపట్టడం, తరువాత ఒక మంచి బైనాక్యులర్‌తో చూడడం సరైన క్రమం. 7x50 లేదా 10x50 రకం (మొదటి సంఖ్య ఎన్ని రెట్లు పెద్దదిగా చూపుతుందో, రెండోది ముందు కటకం వ్యాసం మిల్లీమీటర్లలో) బైనాక్యులర్‌ను కదలకుండా ఆనించి పట్టుకుంటే చంద్రుడి మీద గుంతలు, గురుగ్రహపు నాలుగు పెద్ద ఉపగ్రహాలు, కృత్తికలలోని అనేక నక్షత్రాలు కనిపిస్తాయి. శని వలయాలు చూడాలంటే మాత్రం టెలిస్కోప్ కావలసిందే. దాన్ని కొనే రోజు వచ్చినప్పుడు పెట్టె మీద గొప్పగా అచ్చువేసిన వర్ధన సంఖ్యను పట్టించుకోకండి. ముందుభాగపు కటకం లేదా దర్పణం వ్యాసం ఎంత, స్టాండు ఎంత స్థిరంగా ఉంది అన్న రెండే చూడవలసినవి. వణికే స్టాండు మీద పెట్టిన ఖరీదైన పరికరం మూలన పడుతుంది.

సూర్యుడి విషయంలో మినహాయింపులు లేవు. గ్రహణం చూసే కళ్లద్దాలు ఐఎస్ఓ 12312-2 ప్రమాణానికి లోబడినవై ఉండాలి. ఆ కళ్లద్దాలు పెట్టుకుని బైనాక్యులర్‌లో గాని, టెలిస్కోప్‌లో గాని సూర్యుణ్ణి ఎప్పుడూ చూడకూడదు, ఎందుకంటే పరికరం కేంద్రీకరించిన వేడికి ఆ కళ్లద్దాలు నిలవవు. చిన్న రంధ్రం గుండా సూర్యబింబాన్ని అట్టమీద పడేలా చేసి చూడడం పిల్లలకు అన్నిటికంటే క్షేమం.

మాకు దగ్గరలో ప్లానెటేరియం గాని, సైన్స్ మ్యూజియం గాని లేవు. ఏం చేయగలం?

ఆకాశం అందరికీ ఉంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తున సుమారు 90 నిమిషాలకొకసారి భూమిని చుట్టివస్తుంది. సూర్యాస్తమయం తరువాత కొంతసేపు, సూర్యోదయానికి ముందు కొంతసేపు నేల చీకటిలో ఉన్నా, అంత ఎత్తున ఎండ ఉంటుంది కాబట్టి అది మెరుస్తూ కదిలే చుక్కలా ఉత్త కళ్లకే కనిపిస్తుంది. మీ ప్రాంతం మీదుగా ఏ వేళకు వెళుతుందో నాసా ఉచితంగా తెలియజేస్తుంది. స్టెల్లేరియం అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఏ ఊరి ఆకాశాన్నయినా, ఏ తేదీకైనా తెరమీద చూపిస్తుంది. ముందు తెరమీద చూసి, తరువాత బయటికి వెళ్లి సరిపోల్చుకుంటే పరిచయం త్వరగా కుదురుతుంది.

మా పాపకు గ్రహాల పేర్లు, దూరాలు అన్నీ కంఠస్థం. ఇది చాలా?

మంచి ఆరంభమే. అయితే ప్రతి సంఖ్య పక్కనా "ఇది వాళ్లకు ఎలా తెలిసింది?" అన్న ప్రశ్న చేర్చండి. చంద్రుడి దూరం తెలిసిన పిల్లల కంటే ఆ దూరాన్ని లేజర్ కాంతి వెళ్లి తిరిగివచ్చే కాలంతో కొలుస్తారని తెలిసిన పిల్లలు ఒక మెట్టు పైన ఉన్నట్టే.

అమ్మాయిలకు ఈ రంగం కష్టమని బంధువులు అంటున్నారు. ఏం చెప్పాలి?

చరిత్రను చూపించండి. వాలెంటీనా తెరెష్కోవా 1963లోనే ఒంటరిగా అంతరిక్షయానం చేసింది. 1962లో జాన్ గ్లెన్ భూమి చుట్టూ తిరిగి రావడానికి ముందు, కంప్యూటర్ ఇచ్చిన అంకెలను కాథరిన్ జాన్సన్ చేతితో లెక్కించి సరిచూసింది. చంద్రుడి మీద దిగిన అపోలో నౌకల సాఫ్ట్‌వేర్ బృందానికి మార్గరెట్ హామిల్టన్ నాయకత్వం వహించింది. అమెరికన్లలో అందరికంటే ఎక్కువ రోజులు అంతరిక్షంలో గడిపిన వ్యక్తి పెగ్గీ విట్సన్, ఆమె జీవరసాయన శాస్త్రవేత్త. అడ్డంకులు లేవని కాదు. అవి ఉన్నది చుట్టూ ఉన్నవారి అంచనాలలో, అమ్మాయిల సామర్థ్యంలో కాదు. ఐక్యరాజ్యసమితి అంతరిక్ష వ్యవహారాల కార్యాలయం స్పేస్‌ఫర్‌విమెన్ పేరుతో యువతులకు ఈ రంగంలోని అనుభవజ్ఞులతో మార్గదర్శనం ఏర్పాటు చేస్తోంది.

## ఉన్నత పాఠశాల దశ

బడి పిల్లలు నిజమైన పరిశోధనలో పాల్గొనగలరా? లేక ఇవన్నీ ఉత్సాహపరచడానికి చెప్పే మాటలా?

పాల్గొనగలరు, అందుకు పాత ఉదాహరణలే ఉన్నాయి. ఇంగ్లండ్‌లోని కెట్టరింగ్ గ్రామర్ స్కూల్‌లో భౌతికశాస్త్రం బోధించే జెఫ్రీ పెర్రీ, ఆయన విద్యార్థులు సాధారణ రేడియో గ్రాహకాలతో సోవియట్ ఉపగ్రహాల సంకేతాలను వింటూ, వేళలను నమోదు చేస్తూ ఉండేవారు. 1966లో ఒక ఉపగ్రహపు కక్ష్య అప్పటికి అందరికీ తెలిసిన బైకనూర్ ప్రయోగ కేంద్రానికి సరిపోవడం లేదని వారు గమనించారు. అలా లెక్కలు వేసుకుంటూ పోయి, సోవియట్ యూనియన్ రహస్యంగా ఉంచిన ప్లెసెట్స్క్ ప్రయోగ కేంద్రం ఉనికిని కనిపెట్టారు. వారి దగ్గర గొప్ప పరికరాలేమీ లేవు, క్రమం తప్పని నమోదు మాత్రం ఉంది.

ఈనాటి అవకాశాలు అంతకంటే విస్తృతమైనవి. 2007లో మొదలైన గెలాక్సీ జూ కార్యక్రమంలో లక్షలాది నక్షత్ర వీధుల చిత్రాలను సామాన్యులు ఆకారాన్ని బట్టి వర్గీకరించారు. ఆ పనిలో ఉండగానే హానీ వాన్ ఆర్కెల్ అనే డచ్ ఉపాధ్యాయిని, అంతవరకు ఎవరూ గుర్తించని ఒక వింత వాయుమేఘాన్ని పట్టుకుంది. దాన్ని ఇప్పటికీ ఆమె పేరుతోనే పిలుస్తారు. ఆ కార్యక్రమం నుంచి పుట్టిన జూనివర్స్ వేదికలో నేడు అనేక పరిశోధనలు ఉచితంగా అందరికీ తెరిచి ఉన్నాయి. ఐఏఎస్‌సీ అనే అంతర్జాతీయ కార్యక్రమం హవాయిలోని పాన్‌స్టార్స్ టెలిస్కోప్ తీసిన చిత్రాలను విద్యార్థి బృందాలకు ఇచ్చి, వాటిలో కదులుతున్న గ్రహశకలాలను వెతికిస్తుంది. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఒక చుక్క కదిలిందని నివేదించడం ప్రాథమిక గుర్తింపు మాత్రమే. అది కొత్త గ్రహశకలమని నిర్ధారణ కావడానికి ఎన్నో పరిశీలనలు, సంవత్సరాల కాలం పడతాయి. "గ్రహశకలాన్ని కనుగొన్న విద్యార్థి" అని వెంటనే ప్రకటించుకోవడం ఆ పిల్లలకే మేలు చేయదు.

అంతరిక్ష కేంద్రంలో ఉన్న వ్యోమగాములతో మా విద్యార్థులు మాట్లాడే వీలుందా?

ఉంది. ఆరిస్ అనే అంతర్జాతీయ కార్యక్రమం హ్యామ్ రేడియో (లైసెన్సు పొందిన ఔత్సాహికులు నడిపే రేడియో) ద్వారా పాఠశాలలకు ఈ అవకాశం కల్పిస్తుంది. నేరుగా రేడియోలో మాట్లాడితే, కేంద్రం ఒక దిగంతం నుంచి మరో దిగంతానికి దాటిపోయే సుమారు 10 నిమిషాలే సమయం ఉంటుంది. దరఖాస్తు నెలల ముందే చేసుకోవాలి, దానితోపాటు పిల్లలకు ఏం నేర్పబోతున్నారో వివరించే బోధన ప్రణాళికను కూడా ఇవ్వాలి. హ్యామ్ లైసెన్సు ఉన్న స్వచ్ఛంద సేవకులు సాంకేతిక పని చూసుకుంటారు. నా దృష్టిలో ఆ 10 నిమిషాల కంటే, ఏ ప్రశ్నలు అడగాలో పిల్లలు తమలో తాము వాదించుకుని తేల్చుకునే వారాలే విలువైనవి.

మాట్లాడే అవకాశం రాకపోయినా వినడానికి ఎవరి అనుమతీ అక్కరలేని దేశాలు చాలా ఉన్నాయి. కేంద్రం నుంచి వచ్చే హ్యామ్ ప్రసారాలు సాధారణంగా 145.800 మెగాహెర్ట్జ్ మీద వినిపిస్తాయి.

ఉపగ్రహం నుంచి వాతావరణ చిత్రాలను మేమే అందుకోవచ్చని చదివాను. కానీ ఎంత ప్రయత్నించినా సంకేతం రావడం లేదు. ఎందుకు?

మీరు చదివిన పాఠం పాతది కావచ్చు. చాలా పాఠాలు అమెరికా వాతావరణ ఉపగ్రహాలైన నోవా-15, 18, 19 గురించి రాసినవి, ఆ మూడింటి సేవలను 2025లో నిలిపివేశారు. రష్యాకు చెందిన మెటియోర్-ఎం ఉపగ్రహాలు 137 మెగాహెర్ట్జ్ ప్రాంతంలోనే డిజిటల్ చిత్రాలను పంపుతాయి. కంప్యూటర్‌కు తగిలించి సాఫ్ట్‌వేర్‌తో పనిచేయించే చవకైన ఎస్‌డీఆర్ రేడియో గ్రాహకం, చేతితో చేసుకున్న యాంటెనా, ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంటే వాటిని ప్రయత్నించవచ్చు.

క్యాన్‌శాట్, క్యూబ్‌శాట్ అని రెండు మాటలు వింటున్నాము. మా పాఠశాలకు ఏది తగినది?

క్యాన్‌శాట్ శీతల పానీయపు డబ్బా పరిమాణంలో ఉండే నమూనా ఉపగ్రహం. అది అంతరిక్షానికి వెళ్లదు. చిన్న రాకెట్ సుమారు కిలోమీటరు ఎత్తుకు తీసుకెళ్లి వదిలితే, పారాచూట్‌తో దిగుతూ ఉష్ణోగ్రత, పీడనం కొలిచి రేడియో ద్వారా కిందికి పంపుతుంది. క్యూబ్‌శాట్ నిజంగా కక్ష్యలోకి వెళ్లే ఉపగ్రహం. 10 సెంటీమీటర్ల ఘనాన్ని ప్రమాణంగా తీసుకుని 1999లో జోర్డీ పుయిగ్-సువారీ, బాబ్ ట్విగ్స్ అనే ఇద్దరు ఆచార్యులు, తమ విద్యార్థులు చదువు పూర్తయ్యేలోగా ఒక ఉపగ్రహాన్ని మొదలుపెట్టి ముగించగలగాలన్న ఉద్దేశంతో దాన్ని రూపొందించారు.

పాఠశాలకు క్యాన్‌శాట్ చాలు. విద్యుత్తు, సెన్సర్లు, రేడియో, నిర్మాణం, దత్తాంశ విశ్లేషణ అన్నీ అందులోనే ఉన్నాయి, పైగా పాడైతే బాగుచేసి మళ్లీ వదలవచ్చు. క్యూబ్‌శాట్‌కు కంపన పరీక్షలు, శూన్యంలో వేడి-చలి పరీక్షలు, రేడియో పౌనఃపున్య సమన్వయం, ప్రయోగ ఒప్పందం కావాలి. బడి పేరుతో క్యూబ్‌శాట్ ఎగిరినా, పనంతా ఒక సంస్థే చేసి పిల్లలు ఫొటోలో నిలబడితే నేర్చుకున్నదేమీ ఉండదు. పిల్లలే సోల్డరింగ్ చేసిన క్యాన్‌శాట్ దానికంటే ఎంతో మేలు.

రాకెట్ తయారుచేయాలని ఉంది. ఇంట్లో ఇంధనం కలపవచ్చా?

కలపకూడదు. ఇందులో రెండో అభిప్రాయానికి తావు లేదు. నీళ్లతో, గాలి పీడనంతో ఎగిరే సీసా రాకెట్ మీకు కావలసిన భౌతికశాస్త్రమంతా నేర్పుతుంది. కంటి రక్షణ పెట్టుకుని, దూరం నుంచి తాడుతో విడుదల చేసే ఏర్పాటు చేసుకుని, పెద్దవారి సమక్షంలో ఎగరేయండి. పీడనాన్ని మార్చకుండా నీటి పరిమాణం ఒక్కటే మారుస్తూ, ప్రతిసారీ ఎంత ఎత్తుకు వెళ్లిందో కోణమానినితో కొలిచి గ్రాఫు గీయండి. నీళ్లు మరీ తక్కువైనా, మరీ ఎక్కువైనా ఎత్తు తగ్గుతుంది. మధ్యలో ఎక్కడో శిఖరం ఉంటుంది. దాన్ని వెతకడమే ఇంజినీరింగ్.

ప్రోగ్రామింగ్ తప్పనిసరా? ఏ భాష నేర్చుకోవాలి?

దాదాపు తప్పనిసరే. పైథాన్‌తో మొదలుపెట్టండి, ఎందుకంటే దత్తాంశ విశ్లేషణలో అదే విస్తృతంగా వాడుకలో ఉంది. ఉపగ్రహంలో పనిచేసే సాఫ్ట్‌వేర్ వైపు ఆసక్తి కలిగితే తరువాత సీ, సీ++ నేర్చుకోవచ్చు. అభ్యాసానికి దత్తాంశం కొదవ లేదు: ల్యాండ్‌శాట్ చిత్రాలు 2008 నుంచి ఉచితం, యూరప్ సెంటినెల్ ఉపగ్రహాల చిత్రాలూ అంతే. ఒక చెరువు పదేళ్లలో ఎంత కుంచించుకుపోయిందో ఆ చిత్రాల నుంచి లెక్కగట్టిన విద్యార్థి, పది ఆన్‌లైన్ కోర్సుల ధ్రువపత్రాలున్న విద్యార్థి కంటే ముందుంటాడు.

"నాసా సర్టిఫికెట్ ఇప్పిస్తాం" అంటూ రుసుము అడుగుతున్నారు. నమ్మవచ్చా?

ముందు ఆ కార్యక్రమం పేరును సంబంధిత అంతరిక్ష సంస్థ అధికారిక వెబ్‌సైట్‌లో వెతకండి. అక్కడ కనిపించకపోతే వదిలేయండి. స్పేస్ యాప్స్ ఛాలెంజ్ వంటి నిజమైన అంతర్జాతీయ పోటీలలో పాల్గొనడానికి రుసుము లేదు. సందర్శన యాత్రలు అమ్మేవారు దాన్ని "ఎంపిక" అని పిలుస్తుంటారు, అది డబ్బు చెల్లించి చేసే విహారయాత్ర మాత్రమే. నక్షత్రానికి మీ పేరు పెడతామనే సంస్థలు ఇచ్చే పత్రాలకు కూడా శాస్త్రలోకంలో విలువ లేదు. ఖగోళ వస్తువుల పేర్లను అధికారికంగా ఆమోదించేది అంతర్జాతీయ ఖగోళ సంఘం ఒక్కటే.

## చదువు ఎంచుకునే దశ

అంతరిక్ష రంగంలోకి రావాలంటే ఏరోస్పేస్ ఇంజినీరింగే చదవాలా?

అవసరం లేదు, చాలా సందర్భాలలో అది ఉత్తమమైన ఎంపిక కూడా కాదు. ఒక ఉపగ్రహాన్ని భాగాలుగా చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. సౌర ఫలకాలు, బ్యాటరీలు విద్యుత్ ఇంజినీర్ల పని. రేడియో, కంప్యూటర్ ఎలక్ట్రానిక్స్ వారివి. చట్రం, వేడిని వెలివేసే ఏర్పాట్లు మెకానికల్ ఇంజినీర్లవి. సెన్సర్లకు భౌతికశాస్త్రం, పూతలకు, ఇంధనానికి రసాయనశాస్త్రం, మిశ్రమ లోహాలకు పదార్థ విజ్ఞానం కావాలి. పంపిన దత్తాంశాన్ని భూగర్భ, వాతావరణ, వ్యవసాయ, సముద్ర శాస్త్రవేత్తలు వాడుకుంటారు. ఏరోస్పేస్ చదివినవారు గమనపథం, చోదనం, నియంత్రణ వంటి చోట్ల ప్రత్యేకంగా కావాలి. మూల విభాగంలో డిగ్రీ చేసి, స్నాతకోత్తర స్థాయిలో అంతరిక్షం వైపు తిరిగితే, మనసు మారినా మార్కెట్ మారినా మరో దారి మిగులుతుంది.

ఇంజినీరింగ్ చదవాలా, ఖగోళ భౌతికశాస్త్రం చదవాలా? రెండూ ఇష్టమే.

టెలిస్కోప్ ఎలా పనిచేస్తుందన్నది మిమ్మల్ని ఎక్కువగా లాగుతోందా, అందులోంచి ఏం కనిపిస్తుందన్నది లాగుతోందా అని ప్రశ్నించుకోండి. మొదటిదైతే ఇంజినీరింగ్, రెండోదైతే భౌతికశాస్త్రం. ఖగోళ శాస్త్రంలో పరిశోధకులుగా స్థిరపడాలంటే పీహెచ్‌డీ, ఆపైన కొన్నేళ్ల తాత్కాలిక పరిశోధన పదవులు మామూలు. శాశ్వత పదవులు తక్కువ. ఈ మాట ముందే చెప్పడం నిరుత్సాహపరచడం కాదు. ఆ చదువులో అలవడే గణాంక, గణన నైపుణ్యాలకు బయట మంచి గిరాకీ ఉందన్నదీ అంతే నిజం. రెంటి మధ్య పరికరాల నిర్మాణం అనే మూడో దారి కూడా ఉంది, దానికి ఎప్పుడూ మనుషులు చాలరు.

లెక్కల్లో నేను మధ్యస్థం. ఆశ వదులుకోవాలా?

వద్దు. బీజగణితం, త్రికోణమితి, కలనగణితం మాత్రం తప్పించుకోలేరు. అవి నిదానంగా వచ్చినా ఫరవాలేదు, పునాది గట్టిగా ఉండాలి. పరీక్షలో వేగం వేరు, ఒక సమస్యతో వారాల తరబడి కూర్చునే ఓపిక వేరు. ఉద్యోగంలో రెండోదే ఎక్కువగా పనికొస్తుంది.

నాకు సైన్స్ కంటే న్యాయశాస్త్రం, రచన, రూపకల్పన ఇష్టం. నాకు చోటుందా?

ఉంది. 1967 నాటి బాహ్యాంతరిక్ష ఒప్పందం ప్రకారం చంద్రుడితో సహా ఏ ఖగోళ వస్తువునూ ఏ దేశమూ సొంతం చేసుకోలేదు. మరి అక్కడ తవ్వి తీసిన ఖనిజం ఎవరిది, రెండు ఉపగ్రహాలు ఢీకొంటే బాధ్యత ఎవరిది అన్న వాదాలు ఇప్పటికీ సాగుతున్నాయి. న్యాయ విద్యార్థుల కోసం మాన్‌ఫ్రెడ్ లాక్స్ పేరిట అంతరిక్ష న్యాయ నమూనా న్యాయస్థాన పోటీలు 1992 నుంచి జరుగుతున్నాయి. వైద్యులు, మనస్తత్వవేత్తలు, బీమా నిపుణులు, విధాన రచయితలు, విలేఖరులు, చిత్రకారులు కూడా ఈ రంగంలో పనిచేస్తున్నారు.

డిగ్రీ లేకుండా ఈ రంగంలో పని దొరుకుతుందా?

దొరుకుతుంది, ఈ విషయాన్ని ఎవరూ పిల్లలకు చెప్పరు. వెల్డర్లు, మెషినిస్టులు, ఎలక్ట్రానిక్స్ టెక్నీషియన్లు, తీగల కట్టలు అల్లేవారు, క్లీన్‌రూమ్ (దుమ్ము చొరబడని గది) సిబ్బంది లేకుండా ఏ వాహకనౌకా కదలదు. అపోలో వ్యోమగాములు చంద్రుడి మీద ధరించిన సూట్లను ఐఎల్‌సీ డోవర్ సంస్థలో కుట్టుపని తెలిసిన మహిళలు పొర మీద పొర పేర్చి కుట్టారు. ఒక గుండుసూది లోపల మరచిపోతే ప్రాణం పోయే పని అది. ఐటీఐ వంటి వృత్తి శిక్షణతో పాటు నాణ్యతా ప్రమాణాలను తూచా తప్పకుండా పాటించే అలవాటు ఉన్నవారికి నేటికీ ఈ పరిశ్రమలో గౌరవం ఉంది.

విదేశంలో చదివితే అక్కడి అంతరిక్ష సంస్థలో ఉద్యోగం వస్తుందా?

చదువుకు ముందే పౌరసత్వ నిబంధనలు చూసుకోండి. నాసా ప్రభుత్వ ఉద్యోగాలు సాధారణంగా అమెరికా పౌరులకే. యూరోపియన్ అంతరిక్ష సంస్థ ప్రధానంగా తన సభ్య దేశాల పౌరులను తీసుకుంటుంది. రాకెట్ పరిజ్ఞానం ఆయుధ పరిజ్ఞానానికి దగ్గరిది కావడంతో, అమెరికాలో ప్రైవేటు సంస్థలు కూడా ఐటార్ అనే ఎగుమతి నియంత్రణల వల్ల విదేశీయులను తీసుకోవడానికి వెనుకాడతాయి. విశ్వవిద్యాలయ పరిశోధనలో, భూపరిశీలన దత్తాంశ సంస్థలలో ఈ అడ్డంకి తక్కువ. వివిధ దేశాల వారితో కలిసి చదవాలనుకునేవారు ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఉన్న ఇంటర్నేషనల్ స్పేస్ యూనివర్సిటీ వైపు చూడవచ్చు, అది 1987లో స్థాపితమైంది.

## ఉద్యోగంలోకి అడుగుపెట్టే దశ

రోజువారీ పని నిజంగా ఎలా ఉంటుంది?

నిప్పులు చిమ్మే ప్రయోగం కొన్ని నిమిషాలది. దాని వెనుక ఉన్న సంవత్సరాలలో ఎక్కువ భాగం పరీక్షలు, సమీక్షా సమావేశాలు, పత్రాల తయారీ. ఒక మరను ఎంత బలంతో బిగించారో కూడా రాసిపెడతారు. ఆ పత్రాలు ఎందుకో 1999లో మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ చెప్పింది. ఒక బృందం సాఫ్ట్‌వేర్ పౌండ్ల లెక్కన అంకెలు ఇస్తే, మరో బృందం వాటిని న్యూటన్ల లెక్కగా తీసుకుంది, నౌక అంగారకుడి దగ్గర నాశనమైంది. కాలం కూడా ఇక్కడ వేరేగా నడుస్తుంది: 2006 జనవరిలో బయలుదేరిన న్యూ హొరైజన్స్ నౌక ప్లూటోను దాటింది 2015 జూలైలో. ప్రయోగం నాటికి బడిలో ఉన్నవారు ఫలితాల నాటికి ఆ బృందంలో ఉండే అవకాశముంది. ఇలాంటి నిడివికి మనసు సిద్ధపడని వారికి చిన్న ఉపగ్రహాల సంస్థలు నయం.

ప్రభుత్వ సంస్థా, ప్రైవేటు సంస్థా?

ప్రభుత్వ సంస్థలలో స్థిరత్వం, దీర్ఘకాలిక శాస్త్రీయ కార్యక్రమాలు ఉంటాయి. కొత్త ప్రైవేటు సంస్థలలో చిన్న వయసులోనే పెద్ద బాధ్యత దొరుకుతుంది, నిధులు ఆగితే ఉద్యోగమూ ఆగుతుంది.

మొదటి ఇంటర్న్‌షిప్‌కు, ఉద్యోగానికి ఏం చూస్తారు?

మీరు చేసిన పని చూస్తారు. విద్యార్థి ఉపగ్రహ బృందంలోనో, రాకెట్ క్లబ్‌లోనో మీరు ఏ భాగానికి బాధ్యత వహించారు, అది ఎక్కడ విఫలమైంది, కారణం ఎలా కనుక్కున్నారు అన్నవి ఇంటర్వ్యూలో తప్పక వస్తాయి. అందుకే మొదటి రోజు నుంచి తేదీలతో ప్రాజెక్టు పుస్తకం రాసుకోండి. 18 నుంచి 35 ఏళ్ల వయసు వారికోసం ఐక్యరాజ్యసమితి సమావేశపు సిఫారసు మేరకు ఏర్పడిన స్పేస్ జనరేషన్ అడ్వైజరీ కౌన్సిల్‌లో చేరితే వివిధ దేశాల తోటివారితో పరిచయాలు ఏర్పడతాయి.

వ్యోమగామి కావాలన్నదే నా లక్ష్యం. అవకాశం ఎంత?

చాలా తక్కువ, ఈ నిజం తెలిసే ప్రయత్నించాలి. యూరోపియన్ అంతరిక్ష సంస్థ 2021లో దరఖాస్తులు పిలిస్తే 22,500 మందికి పైగా అర్హులు దరఖాస్తు చేశారు, 2022 నవంబరులో 17 మందిని ఎంపిక చేశారు. నాసా 2024లో పిలిచినప్పుడు 8,000 మందికి పైగా పోటీపడితే 10 మంది ఎంపికయ్యారు. నాసా నిబంధనల ప్రకారం అమెరికా పౌరసత్వం, సైన్స్ లేదా ఇంజినీరింగ్ లేదా గణితంలో మాస్టర్స్ స్థాయి చదువు, మూడేళ్ల వృత్తి అనుభవం లేదా పైలట్‌గా 1,000 గంటలు, దీర్ఘకాల యానానికి తగిన ఆరోగ్యం కావాలి. హోసే హెర్నాండెజ్ 11 సార్లు తిరస్కరణకు గురై ఆ తరువాతే ఎంపికయ్యాడు. ఎంపిక కాకపోయినా జీవితాంతం సంతోషంగా చేయగల వృత్తిని ముందు ఎంచుకోండి, ఎందుకంటే ఎంపికైన వారంతా అలాంటి వృత్తిలో రాణించినవారే.

కళ్లద్దాలు ఉంటే వ్యోమగామి కాలేమా?

కావచ్చు. అద్దాలతో గాని, శస్త్రచికిత్సతో గాని దృష్టి సరిదిద్దుకోగలిగితే నాసా అంగీకరిస్తుంది. కాలు కోల్పోయిన శస్త్రవైద్యుడు, పారాలింపిక్ క్రీడాకారుడు జాన్ మెక్‌ఫాల్‌ను యూరోపియన్ సంస్థ 2022లో ఎంపిక చేసి, అంతరిక్ష కేంద్రంలో దీర్ఘకాలం పనిచేయడానికి ఆరోగ్యపరంగా అర్హుడని 2025లో ప్రకటించింది.

## ఉపాధ్యాయులకు, కార్యక్రమ నిర్వాహకులకు

ఒక రోజు కార్యక్రమం పెడితే పిల్లలు ఎగబడి వస్తారు, వారం తిరిగేసరికి అంతా చల్లబడుతుంది. లోపం ఎక్కడుంది?

లోపం పిల్లల ఆసక్తిలో లేదు. ఇంగ్లండ్‌లో 10 నుంచి 14 ఏళ్ల పిల్లలతో మొదలుపెట్టి చాలాకాలం సాగిన ఆస్పైర్స్ అధ్యయనం ఇదే చెప్పింది: సైన్స్ బాగుందని చెప్పే పిల్లలు చాలామంది, శాస్త్రవేత్త కావాలని కోరుకునేవారు కొద్దిమంది. "అది నాలాంటి వాళ్లకు కాదు" అన్న భావనే మధ్యలో గోడగా నిలుస్తోంది. మరింత పెద్ద తెర, మరింత పెద్ద రాకెట్ నమూనా ఆ గోడను తొలగించలేవు.

అందువల్ల ఒక పెద్ద రోజుకు బదులు పది చిన్న సమావేశాలు పెట్టండి. ప్రతి సమావేశం చివర పిల్లల చేతిలో ఒక అసంపూర్ణమైన పని ఉండాలి: సగం గీసిన గ్రాఫు, తేలని కొలత, వచ్చేవారం వినవలసిన సంకేతం. తల్లిదండ్రులను కూడా ఒకటి రెండు సమావేశాలకు పిలవండి, ఎందుకంటే ఇంట్లో ఈ మాట ఎవరూ ఎత్తకపోతే బడిలో మొదలైనది బడిలోనే ముగుస్తుంది.

అతిథిగా ఎవరిని పిలిస్తే మంచిది?

వ్యోమగామి దొరికితే సంతోషమే. కానీ నాలుగేళ్ల క్రితం ఇలాంటి బడిలోనే చదివి, ఇప్పుడు ఉపగ్రహాల బ్యాటరీలు పరీక్షిస్తున్న యువ టెక్నీషియన్ మాట పిల్లలకు ఎక్కువగా తగులుతుంది. విజయాల జాబితా కాకుండా నిన్న ఆఫీసులో ఏం చేశారో చెప్పమని ముందే కోరండి.

నేను సైన్స్ ఉపాధ్యాయుణ్ణి కాను. పిల్లలు అడిగేవాటికి జవాబు తెలియకపోతే?

"తెలియదు, చూద్దాం" అనండి. ఆ ప్రశ్నను గోడమీద రాసిపెట్టి, జవాబు ఎక్కడ దొరుకుతుందో పిల్లలతోనే వెతికించండి.

ఏ తేదీలలో కార్యక్రమాలు పెట్టుకోవచ్చు?

ప్రపంచ అంతరిక్ష వారోత్సవం ఏటా అక్టోబరు 4 నుంచి 10 వరకు జరుగుతుంది. 1957 అక్టోబరు 4న తొలి కృత్రిమ ఉపగ్రహం స్పుత్నిక్ ఎగిరింది, 1967 అక్టోబరు 10న బాహ్యాంతరిక్ష ఒప్పందం అమలులోకి వచ్చింది. గగారిన్ యానానికి గుర్తుగా ఏప్రిల్ 12, 1908లో సైబీరియా మీద ఆకాశంలో జరిగిన తుంగుస్కా పేలుడుకు గుర్తుగా జూన్ 30 గ్రహశకల దినం, అపోలో 11కు గుర్తుగా జూలై 20 కూడా ఉన్నాయి. అయితే తేదీ కోసం మబ్బు పట్టిన రాత్రి ఆకాశ దర్శనం పెట్టకండి.

"మనిషి చంద్రుడి మీదకు వెళ్లనే లేదు" అని ఒక విద్యార్థి వాదిస్తున్నాడు. ఎలా సమాధానం చెప్పాలి?

ఎగతాళి చేయకండి. అతడు సాక్ష్యం అడుగుతున్నాడు, అది మంచి అలవాటు. అపోలో యాత్రలు తెచ్చిన 382 కిలోల రాళ్లు, మట్టిని అనేక దేశాల ప్రయోగశాలలు పరీక్షించాయి. అపోలో 11, 14, 15 యాత్రికులు అమర్చిన దర్పణాల మీదికి ఇప్పటికీ లేజర్ కాంతిని పంపి దూరం కొలుస్తున్నారు. చంద్రుడి చుట్టూ తిరిగే ఎల్ఆర్ఓ నౌక దిగిన చోట్లను చిత్రీకరించింది. ఈ మూడింటినీ ఇచ్చి, వీటిని కల్పించాలంటే ఎవరెవరు ఎంతకాలం అబద్ధమాడవలసి వస్తుందో జాబితా రాయమని ఆ విద్యార్థికే అప్పగించండి.

పిల్లలతో కలిసి ప్రత్యక్ష ప్రసారం చూస్తుండగా ప్రయోగం విఫలమైతే ఏం చేయాలి?

తెర ఆపేయకండి. ఏ క్షణంలో ఏ సంఖ్య మారిందో, వ్యాఖ్యాత గొంతు ఎప్పుడు మారిందో పిల్లలు గమనించే ఉంటారు. చివరిసారి అందిన ఎత్తు, వేగం బోర్డుమీద రాసి, ఏం జరిగి ఉండవచ్చో ఊహలు చెప్పించండి. వాటిని దాచిపెట్టి, విచారణ నివేదిక వచ్చిన రోజున బయటికి తీసి సరిపోల్చండి. 2019 సెప్టెంబరులో చంద్రయాన్-2 ల్యాండర్ కూలిపోయింది. తరువాతి నౌకకు కాళ్లు బలపరిచారు, ఇంధనం పెంచారు, దిగే ప్రాంతాన్ని విస్తరించారు, సాఫ్ట్‌వేర్‌ను మార్చారు. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగింది. ఆ రెండు ల్యాండర్ల చిత్రాలను పక్కపక్కన పెట్టి తేడాలు వెతకమంటే, ఒక తరగతి మొత్తానికి సరిపడే పని అవుతుంది.